ముందుకెళ్ళిన గడియారం

దెయ్యాలూ శకునాలూ నేను నమ్మను. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. మా ఇంట్లో వర్జ్యం, రాహుకాలం చూసినవాళ్ళు లేరు. పక్కింటి సుబ్బమ్మక్క మంచి రోజు చూసుకోనిదే గ్యాస్ సిలిండరు కూడా బుక్ చేయదని ఆటపట్టించేదాన్ని. ఇది చదివి మీరు నన్ను ఆటపట్టించినా ఏమీ అనుకోను.

ముత్తుకూరులో నాకు చిన్న జిరాక్సు షాపుంది. అందులో ఒక ముసలి కంప్యూటరు. ఇంకేదీ దాని మీద నడవక, మా తమ్ముడు ప్రసాదు విండోస్ బదులు లైనక్స్ వేసిచ్చాడు.

వాడు ఓడలో వంట పనికి అప్లికేషన్ పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూ అయింది. ఎంపికైతే మెయిలు పెడతామన్నారు. దానికి వెంటనే జవాబివ్వకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అప్లికేషన్‌లో ఇచ్చింది షాపు మెయిలు. దాని పాస్‌వర్డు మా ఇద్దరికీ గుర్తులేదు, ఆ కంప్యూటరులోని బ్రౌజరుకే తెలుసు.

సరిగ్గా అప్పుడే అది మొండికేసింది. ఏ పేజీ తెరవబోయినా 'మీ గడియారం ముందుంది' అని అడ్డుపడేది. చూస్తే తెర మూలన వచ్చే నెల పద్నాలుగో తేదీ. తేదీ తప్పుగా ఉంటే మెయిలు తెరుచుకోదట. ఫోన్లో దాన్ని ఫొటో తీసి తమ్ముడికి పంపాను.

వాడొచ్చి తేదీ సరిచేశాడు. మెయిలు తెరుచుకుంది గానీ అందులో కొత్తవేమీ లేవు. మర్నాడు ఆన్ చేస్తే మళ్ళీ పద్నాలుగే. లోపలున్న బిళ్ళ బ్యాటరీ మార్చాడు. పద్నాలుగే. ఇంటర్నెట్ నుంచి టైము తీసుకునేలా పెట్టాడు. చివరికి విసుగొచ్చి, పాస్‌వర్డున్న బ్రౌజరు ఫోల్డరు ఒక్కటి దాచి, సిస్టమ్ మొత్తం చెరిపి కొత్తగా వేశాడు. అయినా పద్నాలుగే. బ్యాటరీ పోతే గడియారం ఎప్పటిదో పాత తేదీకి పోతుందట, ముందుకు పోదట.

"రాని రోజును ఇది యాడ చూసిందక్కా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ వారం చివర్లో చేత్తో తేదీ సరిచేసి మెయిలు తెరిస్తే కబురు వచ్చి ఉంది. వాడికి ఉద్యోగం ఇచ్చారు. సంతోషం పట్టలేక గట్టిగా చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఓడ ఎక్కాల్సిన రోజు వచ్చే నెల పద్నాలుగు.

ఆ మెయిలు ముందురోజు పంపింది. నా ఫోన్లోని ఫొటో అంతకంటే పాతది, ఇప్పటికీ ఉంది. వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేస్తే, మెయిలు పెట్టిన రోజునే తేదీ ఖాయం చేశామన్నారు.

ప్రసాదు అప్పటికప్పుడే వస్తున్నానని జవాబు కొట్టాడు. వద్దనాలనిపించింది, కానీ ఏమని వద్దనను? గడియారం చెప్పిందనా? అది మంచి చెప్పిందో చెడు చెప్పిందో నాకే తెలియదు. వాడు జవాబిచ్చాక ఆ కంప్యూటరు ఒక్కసారి కూడా తేదీ తప్పలేదు. అదే నన్ను ఇంకా భయపెడుతోంది.

నిన్న సుబ్బమ్మక్క గడపలో నిలబడి, ఈ పద్నాలుగు మంచి రోజేనా అని అడిగాను. ఆమె క్యాలెండరు తిప్పి చూసింది.

"మంచి రోజేలేమ్మే. నువ్వెప్పట్నించి రోజులు చూస్తా ఉండావు?"

షాపు తెరవాలని చెప్పి వచ్చేశాను.

ఇంట్లో ప్రసాదు బ్యాగు సర్దుకుంటున్నాడు. సముద్రం పక్కన పుట్టి పెరిగినా వాడికి ఈత రాదు. పద్నాలుగు ఇంకా రాలేదు.