చంకలో రబ్బరు, జేబులో థర్మామీటరు

మా పెదనాన్న సిద్ధాంతం ప్రకారం ఈ లోకంలో మనుషులు చేసే తప్పంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా ఉష్ణోగ్రత చేసే తప్పే. కూర మాడినా, నేను లెక్కల పరీక్ష తప్పినా, ఆయన జేబులోంచి థర్మామీటరు తీసి, పెద్ద డాక్టరులా పెదవి విరిచి, "చూశావా, ఇందులో నీదేం లేదు," అని తీర్పు చెప్పేవాడు.

ఈ జ్ఞానం ఆయనకు రబ్బరు వల్ల కలిగింది. ఈకతో పోటీపడేంత తేలికైన బొమ్మ విమానాలు చేసి, మూసిన హాల్లో ఎగరేయడం ఆయన వ్యసనం. వాటికి ఇంజనంటే ఒక రబ్బరు పోగు. దాన్ని బాగా మెలిపెట్టి తగిలిస్తే, మెలి విడిపోతూ ప్రొపెల్లరును తిప్పుతుంది. చలికి ఆ రబ్బరు బిర్రబిగుసుకుని, సగం చుట్లు పడకుండానే ఫట్టుమంటుంది. మరీ వేడెక్కితే నీరసిస్తుంది. అందుకని దాన్ని మామూలు రోజుల్లో ఫ్రిజ్‌లోనూ, పోటీ రోజున తన చంకలోనూ పెట్టుకునేవాడు.

"నాకు జ్వరమొచ్చినప్పుడు ఒక్కసారైనా అంత భద్రంగా చూశారా?" అనేది పెద్దమ్మ.

"నువ్వు తెగవుగా!"

"ఏదో ఒకరోజు తెగుతాను. అప్పుడూ చలిదే తప్పంటారు."

క్లబ్బులో పట్టుబట్టి ఒక రూలు కూడా పెట్టించాడు: హాలు ఫలానా గీతకన్నా చల్లబడితే ఆ విడత మొత్తం రద్దు, అందరూ మళ్ళీ ఎగరేయాలి. ఆ గీత చదివే అధికారం, చెప్పేదేముంది, ఆయనదే.

ఆ ఏడాది పోటీలో పెదనాన్న విమానం పైకప్పు కింద తిరిగీ తిరిగీ, దిగాలన్న సంగతే మర్చిపోయినట్టు కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గెలుపు ఖాయం. ఇక మిగిలింది ఆయన స్నేహితుడు, గడియారాలు బాగుచేసే పెద్దాయన. కొంతకాలంగా ఆయన చేతులు వణుకుతున్నాయి. "ఇవాళ కూడా తెగిందంటే విమానాలన్నీ ఎవరికో పంచేసి ఇంట్లో కూర్చుంటానోయ్," అని పొద్దున్నే చెప్పేశాడు.

చుట్టడం మొదలుపెట్టాడు. చెయ్యి అదిరింది. రబ్బరు తెగింది. ఆయన పనిముట్లు పెట్టెలో సర్దుకోసాగాడు.

"ఆగవోయ్!" పెదనాన్న థర్మామీటరు ఎత్తి పట్టాడు. "హాలు చల్లబడింది. విడత రద్దు!"

నేను పక్కనే ఉన్నాను. పాదరసం గీతకు చాలా పైన హాయిగా కూర్చుని ఉంది.

పోటీకి జడ్జీ ఒక డ్రిల్లు మాస్టారు. కన్నకొడుక్కైనా అరమార్కు ఎక్కువ వెయ్యని మనిషి. ఆయన మెడ తుడుచుకుంటూ, "చలా? రద్దయితే మీ గెలుపు కూడా పోతుందండీ!" అన్నాడు.

"పోనివ్వండి. రూలంటే రూలే."

పెద్దాయన అనుమానంగా చూశాడు. "నిజంగా చలేనా? నామీద జాలిపడుతున్నావా?"

అంతదాకా విసురుకుంటున్న పెద్దమ్మ విసనకర్రను ఒళ్ళో దాచేసి, చేతులు ముడుచుకుంది. "నాకైతే పళ్ళు టకటకలాడుతున్నాయి, అన్నయ్యగారూ!"

మాస్టారు పెద్దమ్మను చూశాడు, థర్మామీటరును చూశాడు, చివరికి పెట్టె మీద వణుకుతున్న ఆ చేతుల్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎవరయ్యా అక్కడ? ఆ కిటికీ వెయ్యండి. చలిగాలి కొడుతోంది."

పొద్దుట్నుంచీ వేసే ఉన్న కిటికీని ఎవరో వెళ్ళి, వినయంగా మళ్ళీ వేశారు.

పెద్దాయన అప్పటికే కొత్త రబ్బరు బయటికి తీశాడు. "ఆ ముక్క ముందే ఏడవచ్చు కదయ్యా!" అని పెదనాన్నను కసిరాడు. "ఇంత చలిలో చెయ్యి వణక్క ఏం చేస్తుంది?"