జపాను ధూపదాని, మా అవ్వ పంతం

మొన్న శుక్రవారం మా కోడలు వేలూరు బజారు నుంచి కరెంటు ధూపదాని ఒకటి కొనుక్కొచ్చి, స్విచ్చి వేసి, సాంబ్రాణి బిళ్ల పెట్టి, అందులోంచి చారెడు పొగ రాగానే ఇల్లంతా ఘుమఘుమలాడిపోయినట్టు మురిసిపోతుంటే నాకు నవ్వాగలేదు. సాంబ్రాణి పొగంటే ఏమిటో మన ఈడు వాళ్లకు వేరే చెప్పాలా! గుడియాత్తంలో మా నేతగాళ్ల వీధిలో శుక్రవారం తెల్లవారితే ఎదురింటివాళ్ల ముఖం కనిపించేది కాదు. మగ్గానికి పొగ చూపించకుండా, పడుగులో నూలు అటూ ఇటూ నడిపే నాడె పట్టుకునే మనిషి ఆ వీధిలో లేడు.

మాకూ అందరిలాగా మట్టి ధూపదానే ఉండేది, పెద్దమ్మ జపానుది తెచ్చేదాకా. పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, వేలూరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. అక్కడ కొన్నాళ్లు ఉండి వెళ్లిన జపాను డాక్టరమ్మ పోతూ పోతూ ఆవిడ చేతిలో పెట్టిన పింగాణీ ధూపదాని అది. దోసిలిలో ఇమిడే గుండ్రటి గిన్నె, పాలరంగు, మూతనిండా పువ్వులూ తీగలూ చెక్కి వాటి సందులన్నీ తొలిచేసి ఉండేవి. అంత సన్నటి తీగ విరగకుండా ఎట్లా తొలిచారో అని మా నాయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. వాళ్ల దేశంలో అందులో బూడిద పోసి, చిటికెడు గంధప్పొడి వేసి, మెల్లగా వాసన చూస్తారట. మా నాయనమ్మ ఊరుకుంటుందా? అవ్వ అని పిలిచేవాళ్లం ఆమెను. పొయ్యిలోంచి కణకణలాడే చింతనిప్పులు దానినిండా పోసి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, మూతపెట్టి, నాయన కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట పక్కనే ఉంచింది. పొగ పైకి పోకుండా ఆ చిల్లులన్నింటిలోంచీ నాలుగు పక్కలా పాకి గుంటలోకి దిగింది. అవ్వ సంబరం చెప్పనలవి కాదు.

నాయనకు అప్పటికే దూది నుసి వల్ల ఆయాసం. ఆ పొగతో అది ముదిరింది. ఒక శుక్రవారం నాడె వదిలేసి, గుంటలోంచి పైకి రాలేక నోరు తెరుచుకుని ఉండిపోతే, పట్టుకుని లాగి వేలూరు బస్సెక్కించాం. నాయన దక్కడేమోనని దారిపొడుగునా ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు ఊపిరి నిలబెట్టాడు గానీ, ఇక ఆ ఇంట్లో పొగ అన్నది ఉండకూడదని తెగేసి చెప్పాడు.

ఇంటికి రాగానే అమ్మ ధూపదానిలో నిప్పులు పారబోసి, కడిగి, తడిపిన వట్టివేళ్లు కుక్కి, మూతపెట్టి మళ్లీ గుంట పక్కనే పెట్టింది. అవ్వ భగ్గుమంది.

"పొగ చూపించని మగ్గం యాడన్నా ఉండాదా? లచ్చిమి ఇల్లిడిచి పోతాది!"

అత్త ముందు ఏనాడూ గొంతు లేపని మా అమ్మ, "పోతే పోనీ అత్తా. నాకు నా మొగుడు కావాల. నీకు నీ కొడుకు వద్దా?" అంది.

అవ్వది మామూలు పంతమా! శుక్రవారం వస్తే వీధి తిన్నె మీద, మగ్గానికి వీపు పెట్టి కూర్చునేది, పిలిచినా లోపలికి వచ్చేది కాదు. అమ్మా తగ్గలేదు, వారం తప్పకుండా వేళ్లు తడిపేది. నేను గడపలో కూర్చుని నాడెలో పెట్టే కండెలకు నూలు చుడుతూ, ఎవరి పక్షాన ఉండాలో తెలియక ఇద్దరినీ చూసేదాన్ని. అలా ఉండగా ఒక శుక్రవారం పొద్దున గుంటలో దిగిన నాయన, ఊపిరి కోసం ఎక్కడా ఆగకుండా మధ్యాహ్నం సంగటి వేళ దాకా నేశాడు. అవ్వ తిన్నె మీద ఆ చప్పుడు వింటూనే ఉంది. ఉన్నట్టుండి లేచి లోపలికి వచ్చి, "ఏమ్మే, వేళ్లు ఎండిపోయినాయి, కనబల్లేదా నీకు?" అని అమ్మను కసిరి, తనే చెంబెడు నీళ్లు పోసింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు నేశాడు. అవ్వ పోయేముందు అందరినీ దగ్గరికి పిలిచి, "నేను పోయినాక నా తలకాడ సాంబ్రాణి ఎయ్యొద్దు, ఊదొత్తి గూడా వద్దు. నా బిడ్డ నా పక్కన కూచోవాల" అని ఒట్టు వేయించుకుంది. చుట్టాలు నానా మాటలు అన్నారు, అయినా మేం వెలిగించలేదు. నాయన రోజంతా తల్లి తల దగ్గరే కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరికేది పడకపోయినా ఎవరి గదిలో వాళ్లు తలుపు వేసుకుంటున్నాం, పోట్లాటే లేదు. హాయిగానే ఉంది, కాదనను. కానీ ఒకరి ఊపిరి కోసం అంత పంతం పట్టే మనుషులూ, పట్టిన పంతాన్ని చావులో కూడా అంత నిండుగా వదులుకునే మనుషులూ నాకు మళ్లీ కనబడలేదు.