ఇరవై ఆరేళ్ల ముసలాయన

పుంగనూరు హరీష్‌కు ముసలితనం ఇరవై నాలుగో ఏటే వచ్చేసింది. పాపం, జుట్టు నెరవలేదు, పళ్లు కదల్లేదు, రెండు పూటలా రాగిముద్ద శుభ్రంగా అరుగుతోంది. అయినా ముసలితనమే. ఫైటింగ్ గేముల్లో వేళ్ల చురుకు ఇరవై నాలుగు దాటితే తగ్గిపోతుందని ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారు, హరీష్ విన్నాడు. ఆ చెప్పినవాడికి మూతిమీద మీసం కూడా సరిగ్గా రాలేదు, అది వేరే సంగతి.

తెరమీద రెండు బొమ్మలు కొట్టుకుంటాయి. ఇద్దరు మనుషులు చెరొక కంట్రోలర్ పట్టుకుని వాటిని కొట్టిస్తారు. ముందు ఎవరి బొమ్మ పడిపోతే వాళ్లు ఓడినట్టు, అంతే ఆట. ఈ ఆటలో హరీష్ ఒకప్పుడు పుంగనూరుకు మొనగాడు. బస్టాండు వెనక గేమింగ్ సెంటర్లో, కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన కుర్రాళ్లంతా వరసగా అతని పక్కన కూర్చుని చావుదెబ్బలు తిని లేచేవాళ్లు. అతని దగ్గర ఒక విద్య ఉండేది. బల్లమీద ఇద్దరూ భుజాలు ఆనించి కూర్చుంటారు కదా, హరీష్ ముఖం తెరవైపే ఉండేది, కళ్లు మాత్రం ఓరగా పక్కవాడి వేళ్లమీద ఉండేవి. వాడి బొటనవేలు ఎటు కదిలితే దెబ్బ ఎటు వస్తుందో తెరకంటే ముందే తెలిసిపోయేది. దీన్ని అతనెప్పుడూ మోసం అనుకోలేదు. ప్రతిభ అనుకున్నాడు.

తర్వాత కుర్రాళ్లంతా ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని నెట్‌లో ఆడటం మొదలుపెట్టారు. హరీష్ కూడా ఇంట్లో కూర్చునే ఆడాడు. ఓడాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ ఓడాడు. నిమ్మనపల్లె నుంచి ఆడే తొమ్మిదో క్లాసు పిల్లకాయ కూడా కొట్టేసి, పైగా "సారీ అన్నా" అన్నాడు. ఆ సారీ హరీష్‌కు చాలా రోజులు ముద్ద దిగనివ్వలేదు. కారణమేమిటా అని వెతికితే ఇంటర్నెట్ వయసును చూపించింది. ప్రాణం లేచొచ్చింది. తనకు ఆట రాకపోవడమేమిటి, రామరామ! వయసు మీదపడింది, అంతే.

అప్పటి నుంచి ఇంట్లో ఏ పని చెప్పినా ఆ వయసే అడ్డం వచ్చేది.

"అబ్బయ్యా, ఈ టమోటా బాక్సు బండిమీదికి ఎత్తుదువురా," అని అవ్వ పాపమ్మ పిలిచేది. ఆమెకు డెబ్బై దాటింది. తెల్లారకముందే తోటలోకి పోయి కాయలు కోసేది.

"వేళ్లు పట్టేస్తాయవ్వా. ముందే నాకు వయసైపోయిండాది. ఉండే చురుకును కాపాడుకోవాల."

"అట్లనా నాయనా? అయితే నువ్వు కూసో, పెద్దోనివి," అని బాక్సు తనే ఎత్తేది. అవ్వకు వెటకారం చేతకాదని హరీష్ గట్టి నమ్మకం.

నాయన కృష్ణప్పకు మాత్రం ఓపిక అయిపోయింది. మదనపల్లె మార్కెట్టుకు లోడు వేసి వచ్చిన ఒక మధ్యాహ్నం, చెప్పులు కూడా విప్పకుండా కొడుకును నిలబెట్టి అడిగాడు.

"పాల డెయిరీలో సూపర్‌వైజర్ పనుండాదని ఎన్నాళ్లుగా చెప్తాండా? వాళ్లు సోమవారం రమ్మన్నారు. పోతావా, లేదా?"

"ఆదివారం కుప్పంలో టోర్నమెంటుండాది నాయనా. ఇరవై అయిదు దాటినోళ్లకు సీనియర్స్ అని వేరేగా పెట్టినారు. నా ఈడు ముసలోళ్లతో అయితే నేనే గెలుస్తా."

"గెలిస్తే?"

"ఇంకో ఏడాది నన్నేమీ అడగొద్దు. ఓడిపోతే సోమవారమే డెయిరీకి పోతా. ఇంక జన్మలో కంట్రోలర్ ముట్టను."

కృష్ణప్ప సరేనన్నాడు. హరీష్ ధీమాగా చెప్పాడు గానీ లోపల అంత ధైర్యం లేదు. ఆ ఆటలో తప్ప ఇంకెక్కడా అతన్ని ఎవరూ మొనగాడు అనలేదు. బడిలో అనలేదు, డిగ్రీలో అనలేదు, ఇంట్లో అసలే అనలేదు. ఆ ఒక్కటీ పోతే తనకు మిగిలేదేమిటో అతనికే తెలియదు.

కుప్పంలో ఒక కాలేజీ హాల్లో పోటీ. నడిపించే ఉమాపతి అక్కడే చదివే కుర్రాడు, బహు మర్యాదస్తుడు. హరీష్‌ను చూడగానే చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

"సీనియర్స్‌కు మెత్త కుర్చీలు ఏసినామన్నా. నడుం నొప్పి వస్తే చెప్పండి, మధ్యలో ఆపుతాం."

మొదటి ఆట వెంకటగిరికోట నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగితో. చాలా రోజుల తర్వాత హరీష్ పక్కన ఒక మనిషి కూర్చున్నాడు, ఆ మనిషికి చేతులున్నాయి, ఆ చేతులు కనబడుతున్నాయి. ఇంకేం కావాలి! టైం చాలా మిగిలుండగానే బ్యాంకాయన బొమ్మ నేల కరిచింది.

"సూసినావా ఉమాపతీ? వయసు అడ్డమే కాదప్పా. అనుభవం ముందర చురుకెంత?" అన్నాడు హరీష్. ఓడితే వయసు, గెలిస్తే అనుభవం. ఎటు తిరిగినా అతనికి నష్టం లేని ఏర్పాటు.

మిగతా ఆటలూ అలాగే గెలిచాక, ఫైనల్‌లో ఎదురైన మనిషిని చూసి హరీష్‌కు జాలేసింది. పేరు చెంగయ్య, మదనపల్లె. యాభై దాటాయి, మీసం పూర్తిగా తెల్లబడింది. సంతల్లో పశువుల బేరాలు కుదిర్చే దళారి. వయసులో ఉండగా మదనపల్లె బస్టాండు దగ్గర బిళ్ల వేసి ఆడే మిషన్లమీద ఈ ఆట మరిగాడట, ఇప్పుడు అల్లుడి ఇంట్లో ఆడుతున్నాడట. ఆయన కూర్చుని, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, భుజంమీది తువ్వాలు తీసి రెండు చేతులమీదా కప్పుకున్నాడు.

"పెద్దాయనా, అదేంది?" అన్నాడు ఉమాపతి.

"అలవాటప్పా. సంతలో ఎద్దు బేరం నోటితో చెప్పం కదా. చేతులు కలిపి, పైన టవాలు కప్పి, వేళ్లు నొక్కి చెప్పుకుంటాం. పక్కనోడికి తెలీకూడదు. ముప్పై ఏండ్లు అదే పని. టవాలు లేకుంటే నా వేళ్లు పలకవు."

ఉమాపతి రూల్సు తిరగేశాడు. తువ్వాలు గురించి అందులో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తోచక హరీష్ వైపు చూశాడు.

"ఉండనీలేప్పా. పెద్దాయన, పోనీ," అన్నాడు హరీష్, జమీందారు ఈనాం రాసిచ్చినంత ఉదారంగా.

ఆట మొదలైంది. అలవాటు ప్రకారం హరీష్ కళ్లు పక్కకు పోయాయి. తువ్వాలు. మళ్లీ పోయాయి. తువ్వాలే, ఎర్ర అంచుది. దాని కింద ఏదో కదులుతోంది, ఏది ఎటు కదులుతోందో ఆ దేవుడికే తెలియాలి. తెరమీద అతని బొమ్మ మాత్రం ఎడాపెడా తన్నులు తింటోంది. మొదటి రౌండు పోయింది.

రెండో రౌండులో పళ్లు బిగబట్టి తెరవైపు చూశాడు. అంతా గందరగోళంగా ఉంది. ఎప్పుడూ రాని ఊళ్లో బస్సు దిగినట్టు ఏది ఎక్కడుందో తెలియలేదు. గత్యంతరం లేక కళ్లు మళ్లీ తువ్వాలు మీదికే పోయాయి.

"ఏమప్పా, యాల నా టవాలు దిక్కే సూస్తాండావు? ఆట ఆడ, తెరమీదుండాది," అన్నాడు చెంగయ్య, తెరమీద నుంచి చూపు తిప్పకుండానే.

హాలంతా గొల్లున నవ్వింది. హరీష్ ముఖం భగ్గున మండింది. ఆ మంట చల్లారేలోపే బొమ్మ పడిపోయింది.

చెంగయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అతని వీపు తట్టాడు. "బాగ ఆడినావులేప్పా. సిన్నోడివి, నేర్సుకుంటావు."

ఓటమి కంటే ఆ సిన్నోడివి అన్న మాటే ఎక్కువ కాల్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వెంకటగిరికోట దాటేదాకా హరీష్ సాకుల కోసం వెతికాడు. తువ్వాలు మోసం అందామంటే ఉండనిమ్మన్నది తనే. వయసు అందామంటే గెలిచినాయనకు తనకు రెట్టింపు వయసు. పలమనేరు దగ్గర నిమ్మనపల్లె పిల్లకాయ గుర్తొచ్చాడు. వాడి చేతులు కూడా తనకెప్పుడూ కనబడలేదు. నెట్‌లో ఓడించిన వాళ్లెవరి చేతులూ కనబడలేదు. హరీష్‌కు ఏడుపొచ్చింది. పక్కనున్న ఆడమనిషి దుమ్మేమో అనుకుని కిటికీ అద్దం మూసింది.

ఇల్లు చేరేసరికి కృష్ణప్ప వాకిట్లో టమోటా బాక్సులు బండికి ఎక్కిస్తున్నాడు. పాపమ్మ కాయలు ఏరుతోంది.

"ఏమయిందిరా?"

హరీష్ నోరు తెరిచాడు. వయసు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఓడిపోయినా నాయనా."

"ఎవురి చేతిలో?"

"మదనపల్లె ఆయన. పశువుల దళారి. నీ ఈడే."

కృష్ణప్ప బాక్సు కిందికి దించాడు. "అయితే వయసు కాదన్నమాట."

"కాదు నాయనా. ఇన్నేండ్లూ నేను పక్కనోళ్ల చేతులు సూసి ఆడినా. ఆట ఎప్పుడూ సూడలేదు. నాకు ఆట రాదు." "రేపు డెయిరీకి పోతాలే. కంట్రోలర్ ఎవురికైనా ఇచ్చేస్తా."

రెండేళ్లలో కొడుకు నోట సాకు లేని మాట కృష్ణప్ప వినడం అదే మొదటిసారి.

"డెయిరీకి పో. దాన్ని యాల ఇచ్చేది? సాయంత్రం వచ్చి మొదటి నుంచి నేర్సుకో. ఆ దళారి ఈడు వచ్చేదానికి నీకింకా శానా కాలముండాది."

పాపమ్మ ఏరిన కాయలతో నిండిన బాక్సును కాలితో ముందుకు తోసింది.

"ఏమప్పా పెద్దాయనా, వయసు తగ్గిందా? తగ్గుంటే దీన్ని పైకెత్తు."

అవ్వకు వెటకారం బాగా వచ్చునని హరీష్‌కు అప్పుడర్థమైంది. కళ్లు తుడుచుకుని బాక్సు ఎత్తాడు.