మళ్ళీ ఏమొచ్చింది?

మా పై అంతస్తులో ఉండే గెరార్డ్ మొహం మా ఒపోలె ఊళ్ళోనే ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం పోలండ్‌లో నలభయ్యేళ్ళ మగవాళ్ళలో సగం మందికి తెలుసు. ఒకసారి బజార్లో బీట్‌రూట్ దుంపలు బేరం చేస్తున్నాడు. అమ్మే మనిషి తూకం వెయ్యడం ఆపేసి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“అయ్యా, మీరు... మీరు కట్టెలు కొట్టేవాడు కదూ?”

“కాదు బాబూ, నేను బొమ్మలాడించేవాణ్ణి,” అన్నాడు గెరార్డ్, చెవులు ఎర్రబడి.

పక్కనే నేనున్నాను. ఊరుకుంటానా? “ఆయనే నాయనా, ఆయనే. మొహమాటం ఎక్కువ,” అన్నాను. ఆ మనిషి దుంపల మీద ఇంకో కట్ట సోయికూర పెట్టి, ఒక్కసారి ఆ మాట అనమని బతిమాలాడు. గెరార్డ్ అనలేదు. సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు. కానీ ఆ సాయంత్రమంతా మా ఇంటి పైకప్పులోంచి ఈల వినబడుతూనే ఉంది.

ఆ మాట సంగతి చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి. దాని పేరు నల్లవాగు రాజ్యాలు. కంప్యూటర్‌లో ఆడేది. మీరు రాజు. పైనుంచి చూస్తుంటారు. కింద మీ అడవి, మీ వాగు, మీ బంగారు గని, బురదలోంచి లేచి మీ మీదికొచ్చే దెయ్యాల దండు. మీరు ఆలోచిస్తూ కూర్చుంటే అవి ఆగవు. ఈలోగా కోట కట్టాలి, సైన్యాన్ని పెంచాలి. అన్నిటికీ కలప కావాలి. కలప కొట్టడానికి ఒక పనివాడుంటాడు. వాడి మీద నొక్కితే “చెప్పండి దొరా” అంటాడు. చెట్టు చూపిస్తే “పడగొట్టేద్దాం” అంటాడు. ఏ పనీ చెప్పకుండా ఊరికే నొక్కుతూ పోతే కాసేపు ఓర్చుకుని, చివరికి, “మళ్ళీ ఏమొచ్చింది? ఉన్నది ఒక్క గొడ్డలి, రెండు చేతులు!” అని కసురుతాడు. సాక్షాత్తు రాజుని! మా జనానికి వాడెందుకు నచ్చాడో వేరే చెప్పక్కర్లేదు. యుద్ధం మానేసి వాడి చేత తిట్లు తినడానికే ఆడేవాళ్ళున్నారని విన్నాను.

ఆ గొంతు గెరార్డ్‌ది. మేమిద్దరం మా ఊరి బొమ్మలాటల నాటకశాలలో పనిచేశాం. నేను బొమ్మలు చెక్కి బట్టలు కుట్టేదాన్ని. అతను నల్లముసుగు వేసుకుని, చెయ్యి తలకన్నా పైకెత్తి, తెర వెనక నిలబడి ఆడించేవాడు. ఆ చెయ్యెత్తడంతోనే భుజం పాడైంది. పిల్లలు నక్కకి చప్పట్లు కొట్టేవాళ్ళు, డ్రాగన్‌కి కొట్టేవాళ్ళు. ముసుగులో మనిషికి ఎవరు కొడతారు? ఒకసారి మా నాటకం వార్సాలో ఆడినప్పుడు, ఆ ఆటకి పోలిష్ మాటలు పెడుతున్న కంపెనీవాళ్ళు చూశారు. రాజుకీ మంత్రగాడికీ పేరున్న నటులు దొరికారు గానీ కట్టెలు కొట్టేవాడికి ఎవరూ దొరకలేదట. మర్నాడు రమ్మన్నారు.

కసురుకునే ఆ మాట వాళ్ళు రాసిచ్చింది కాదు. “చెప్పండి దొరా” అన్నదాన్ని పదే పదే చెప్పించారట. ఇంకోసారి, ఇంకొంచెం మెల్లగా, ఇంకోసారి. రైలుకి టైమైపోతోంది, మధ్యాహ్నం నుంచి తిండి లేదు. రికార్డింగ్ గది అద్దం అవతలినుంచి మళ్ళీ “గెరార్డ్ గారూ” అని పిలుపు. అంతే, అతని నోట్లోంచి అది ఊడిపడింది. అద్దం అవతల అందరూ పడీపడీ నవ్వి, దాన్నే ఉంచేశారు. అతను మాత్రం తిట్టినందుకు క్షమాపణ చెప్పి, స్టేషన్‌కి పరిగెత్తాడట.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. ఇద్దరం పనిలోంచి రిటైరయ్యాం. నాకు మొగుడు పోయాడు. గెరార్డ్‌కి పెళ్ళే కాలేదు. తల్లి ఉన్నన్నాళ్ళు ఆవిడతో ఉన్నాడు, ఆవిడ పోయాక ఆవిడ కుర్చీతో ఉన్నాడు. ఆదివారం కోడి చారు కాచి, సన్న సేమ్యా వేసి, వంటింట్లో వేడినీళ్ళ గొట్టం మీద గరిటెతో కొట్టేదాన్ని. ఆ గొట్టం మా ఇంట్లోంచి అతనింట్లోకి పోతుంది. రెండో దెబ్బ పడకముందే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడేది. నాకు నవ్వొచ్చేది. తలుపు వెనకే నిలబడి ఉంటాడా ఏమిటి ఈ మనిషి అనుకునేదాన్ని. నిజంగానే నిలబడి ఉండేవాడని ఇప్పుడు నా నమ్మకం.

వారమంతా అతని ఫోన్ మోగేది కాదు. ఎప్పుడైనా పరుపులు అమ్మేవాళ్ళు చేస్తే, వాళ్ళతో పరుపుల గురించీ, భుజం గురించీ, వాళ్ళ ఊళ్ళో వాన గురించీ మాట్లాడేవాడు. చివరికి అమ్మేవాళ్ళే ఏదో సాకు చెప్పి పెట్టేసేవాళ్ళు.

అలాంటి ఫోన్ కిందటి వసంతంలో వార్సా నుంచి మోగింది. గెరార్డ్ మెట్లు దిగి కాదు, దొర్లినట్టు వచ్చాడు.

“రూజా! పిలిచారు! నల్లవాగు మూడు ఆటలూ కలిపి ఒకే పెట్టెలో వేస్తున్నారట. బొమ్మలన్నీ కొత్తవి, గొంతులన్నీ మళ్ళీ కొత్తగా. పాత రికార్డింగ్ పనికిరాదట.”

“నిన్నే అడిగారా?”

“గొంతు ఒకసారి విని చూస్తామన్నారు.”

“విని చూస్తామన్నారా, తీసుకుంటామన్నారా?”

“నీదంతా అపశకునమే,” అన్నాడు. “నా గొంతు నాకు కాకపోతే ఎవరికిస్తారు?”

వారం రోజులు గుడ్డు పచ్చసొనలో పంచదార వేసి గిలక్కొట్టి మింగాడు, గొంతు మెత్తబడుతుందని. జుట్టు కత్తిరించుకున్నాడు. గొంతు పరీక్షకి జుట్టెందుకురా నాయనా అన్నాను. చిన్నబుచ్చుకున్నాడు. నేనూ తోడెళ్ళాను, ఒక్కణ్ణీ వదిలితే రైల్లో పక్కవాళ్ళతో మాట్లాడి మాట్లాడి గొంతు పోగొట్టుకునేలా ఉన్నాడు మరి.

వార్సాలో మార్లెనా అనే ఆవిడ ఆ పని నడిపిస్తోంది. చక్కటి మనిషి, టీ ఇచ్చింది. రికార్డింగ్ మీటలముందు రాదెక్ అనే అతను కూర్చున్నాడు, గడ్డం నెరుస్తోంది. గెరార్డ్‌ని చూడగానే లేచి నిలబడ్డాడు. చెయ్యి కలిపి వదలడే.

“మాది రాదొమ్ అండీ. అమ్మా నాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీలోనే. తాళంచెవి తాడుకి కట్టి నా మెళ్ళో వేసేవాళ్ళు. బడినుంచొచ్చి తలుపు తీస్తే ఇంట్లో గడియారం తప్ప చప్పుడుండేది కాదు. బూట్లు కూడా విప్పకుండా కంప్యూటర్ పెట్టి, మీ మీద నొక్కేవాణ్ణి. ‘చెప్పండి దొరా’ అనేవారు. నేను చెప్పేవాణ్ణండీ, నిజంగానే. బళ్ళో ఏమైందో, ఎవడు కొట్టాడో అన్నీ. దెయ్యాలొచ్చి కోట కూల్చేసినా పట్టించుకునేవాణ్ణి కాదు. మీరు విసుక్కునేదాకా నొక్కి, అప్పుడు అన్నానికి లేచేవాణ్ణి.”

గెరార్డ్ రెండో చెయ్యి కూడా అతని చేతిమీద వేశాడు. నాకైతే ఏడుపొచ్చింది, దాచుకోను.

అతన్ని అద్దాల గదిలోకి పంపి, చెవులకి తగిలించేవి ఇచ్చారు. “చెప్పండి దొరా” అన్నాడు. మార్లెనా బొటనవేలు పైకెత్తింది. “పడగొట్టేద్దాం” కూడా బాగానే వచ్చింది. గొంతు కాస్త బొంగురుపోయినా, మనిషి వాడే. తర్వాత ఆ మాట వచ్చింది.

“మళ్ళీ ఏమొచ్చింది?” అన్నాడు గెరార్డ్.

మార్లెనా, రాదెక్ మొహమొహాలు చూసుకున్నారు. “గెరార్డ్ గారూ, బాగుంది. కొంచెం విసుగు కావాలండీ.”

“తప్పకుండానమ్మా! మళ్ళీ ఏమొచ్చింది?”

“ఇంకోసారి చూద్దామా?”

“ఎన్నిసార్లయినా చూద్దాం!”

ఎన్నిసార్లు చెప్పినా అదే వరస. విసుగు అన్నది మచ్చుకైనా లేదు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న చుట్టం గుమ్మంలోకి వస్తే ‘ఇన్నాళ్ళకొచ్చావా’ అన్నట్టుంది. కనుబొమలు ముడేశాడు, పిడికిలి బిగించాడు, టేబుల్ కూడా గుద్దాడు. మొహం కసురుతోంది గానీ గొంతు నవ్వుతోంది. మార్లెనా పిలిచిన కొద్దీ ఇంకా వెలిగిపోతున్నాడు. పిలుస్తున్నారు కదా మరి! ఆ గదిలో అతని పేరు వినబడినన్నిసార్లు మా మేడలో ఏడాది మొత్తమ్మీద వినబడదు.

పాపం, రాదెక్ సాయం చేద్దామనే మైకు దగ్గరికి వంగాడు. “ఇలా అనేవారండీ మీరు,” అంటూ అనేశాడు. “మళ్ళీ ఏమొచ్చింది? ఉన్నది ఒక్క గొడ్డలి, రెండు చేతులు!”

ఆ ఆకలి, ఆ రైలు కంగారు, ఆనాటి గెరార్డ్ మొత్తం అందులో ఉన్నాడు. అద్దం అవతల గెరార్డ్ చివరిదాకా విన్నాడు. తర్వాత చెవులకున్నవి తీసి, జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి బయటికొచ్చాడు.

“వాడే,” అన్నాడు రాదెక్‌తో. “నా దగ్గర లేడు బాబూ. నీ దగ్గరున్నాడు. నువ్వే చెప్పు.”

“అయ్యో, అది కాదండీ...”

“చెప్పవయ్యా. వాణ్ణి నాకన్నా నువ్వే ఎక్కువ విన్నావు.”

మార్లెనా ఆలోచించి ఫోన్ చేస్తానంది. ఆలోచించడానికేం మిగల్లేదని అందరికీ తెలుసు. తిరుగు రైల్లో నేను ఉడకబెట్టిన గుడ్డు ఒలిచిచ్చాను. పట్టుకుని కూర్చున్నాడే గానీ తినలేదు. చెంస్తొహోవా స్టేషన్ దాటుతుంటే అన్నాడు.

“విసుగు కోసం లోపలంతా వెతికానే రూజా. ఎక్కడా లేదు. ఎవరైనా పిలుస్తుంటే కదా మనిషికి విసుగొచ్చేది?”

నేను అతని చేతిలోని గుడ్డు తీసుకుని, ఉప్పు చల్లి మళ్ళీ ఇచ్చాను.

శరదృతువులో ఆటల పెట్టె వచ్చింది, రాదెక్ పంపాడు. నేను సీరియల్స్ చూసుకునే కంప్యూటర్‌లో పెట్టించాను. గెరార్డ్ ఇంతవరకూ ఆ ఆట ఆడనేలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, కట్టెలు కొట్టేవాడి మీద నొక్కాడు.

“చెప్పండి దొరా,” అంది రాదెక్ గొంతు.

గెరార్డ్ చెట్టు చూపించలేదు. మళ్ళీ నొక్కాడు. అలా నొక్కుతూనే ఉన్నాడు, వాడు కసిరేదాకా. కసిరాక మెచ్చుకోలుగా తలూపాడు. “బాగా చేశాడు కుర్రాడు,” అని, చారు తాగకుండానే పైకెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఈల లేదు. తర్వాతి ఆదివారాలు కూడా వచ్చి, తిని, గిన్నె కడిగి, మాటా పలుకూ లేకుండా వెళ్ళేవాడు. కట్టెలు కొట్టేవాడి గొంతు ఇచ్చేసొచ్చాక ఇతని దగ్గర ఏమీ మిగల్లేదేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు మొదలుపెట్టాను. సోమవారం గరిటె తీసి గొట్టం మీద కొట్టాను. వచ్చాడు. “ఈ సీసా మూత రావట్లేదు,” అన్నాను. మంగళవారం బల్బు మార్చమన్నాను. ఆ తర్వాత ఉప్పు ఉందా అన్నాను, మా కిటికీలోంచి కనబడే ఆ పిల్లి ఎవరిది అన్నాను, సూదిలో దారం ఎక్కించమన్నాను. బొమ్మలకి జీవితమంతా బట్టలు కుట్టినదాన్ని, సూదిలో దారం ఎక్కించలేనట! అతను నమ్మాడు. చలికాలమంతా పిలిచాను, పొద్దున్నా మధ్యాహ్నమూ. మా కింది ఇంటావిడ గొట్టం గోలేమిటని తలుపు తట్టింది. నోరు మూసుకుని పొమ్మన్నాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం. అతను అప్పుడే ఇరుక్కుపోయిన నా సొరుగు సరిచేసి పైకెళ్ళాడు. అన్నానికి కూర్చుని ఉంటాడు. గరిటె తీసుకుని కొట్టాను. చెప్పుల చప్పుడు కాలేదు. మళ్ళీ కొట్టాను. ఇంకోసారి. పైన తలుపు ధడేలున తెరుచుకుంది.

“మళ్ళీ ఏమొచ్చింది?” మెట్లమీంచి అరుపు దిగింది. “ఉన్నది ఒక్క మనిషిని, రెండు చేతులు!”

గరిటె అక్కడ పెట్టి తలుపు తీశాను. అదే. రాదెక్‌ది కాదు, రికార్డింగ్‌లోదీ కాదు. వడలిన గొంతుతో, బొంగురుతో, నోట్లో ముద్దతో, అసలైన విసుగు. ఆ గుమ్మం దగ్గర మైకూ లేదు, మార్లెనా లేదు, నేనొక్కదాన్నే ఉన్నాను.

గెరార్డ్ మెట్లు దిగొచ్చాడు, చేతిలో ఫోర్కు అలాగే ఉంది.

“రూజా, విన్నావా?”

“విన్నాను.”

“వచ్చిందా?”

“వచ్చింది.”

“ఇంతకీ ఎందుకు పిలిచావు?”

“ఊరికే,” అన్నాను. ఇంక అబద్ధాలు తోచలేదు.

అతను నన్నలా చూశాడు. సీసా మూతా, సూదీ దారమూ, పిల్లీ అన్నీ ఒక్కొక్కటిగా అర్థమవుతున్నట్టుంది. “ఉండు, పైకెళ్తాను. మళ్ళీ కొట్టు,” అన్నాడు. ముసలాడు చిన్నపిల్లాడిలా మెట్లెక్కిపోయాడు. తలుపు మూసుకుంది. నేను గరిటె తీసుకుని గొట్టం మీద గట్టిగా కొట్టాను.

“మళ్ళీ ఏమొచ్చింది?” అన్నాడు పైనుంచి.

ఈసారి విసుగు మచ్చుకైనా లేదు.