హెర్బేరియంలో ఏడు శెనక్కాయ చెట్లు

ఆ రోజుల్లో మా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో బైపీసీ చదివిన ఆడపిల్ల అంటే ఇక డాక్టరే అని లెక్క. మధ్యలో ఎంట్రన్సు అనేదొకటి ఉంటుందని, అందులో ర్యాంకు అనేదొకటి వస్తుందని, ఆ ర్యాంకు ఒక్కోసారి ఫోను నంబరంత పొడుగు ఉంటుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసొచ్చింది. తెలిసొచ్చాక బుద్ధిగా అనంతపురం వెళ్లి ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకున్నాను. ఊళ్లోవాళ్లు దాన్ని కూడా డాక్టరు చదువులో ఒక రకం అనుకున్నారు. సెలవులకు ఇంటికి వెళితే ఒకరు మోకాళ్ల నొప్పి చెప్పుకునేవారు, ఇంకొకరు మేత మేయని గొర్రెను తాడేసి మా గుమ్మం ముందుకు లాక్కొచ్చేవారు. కప్ప గుండెకు ఎన్ని గదులో అడిగితే నిద్రలో కూడా చెప్పేదాన్ని గానీ, గొర్రె ఎందుకు మేయడం లేదో నాకేం తెలుసు. (ఆ గొర్రె రెండు రోజులకు దానంతటదే కోలుకుంది. పేరు మాత్రం నాకొచ్చింది. నేనూ కాదనలేదు.)

మూడో ఏడాది బోటనీ ప్రాక్టికల్స్‌కి హెర్బేరియం పెట్టాలన్నారు. అంటే ముప్పై రకాల మొక్కలు వేళ్లతో సహా తెచ్చి, పాత పేపర్ల మధ్య సర్ది, బరువు కింద అణిచి ఆరబెట్టి, తెల్లటి అట్టల మీద అతికించి, కింద చీటీలో పేరూ కుటుంబమూ దొరికిన చోటూ రాయడం. మా బోటనీ సారుకు మొక్క కంటే చీటీ ముఖ్యం. చీటీ వంకరగా ఉంటే ఆ మొక్క అసలు పుట్టనే లేదన్నట్టు చూసేవాడు. అందుకే ఆయన్ని లేబుల్ సారు అనేవాళ్లం. ఆయన ఎవరు ఏ ఊరి నుంచి ఏ మొక్కలు తెస్తారో అడిగి ముప్పై చీటీలూ ముందే రాయించి, ఒక్కోదాని మీద సంతకం పెట్టి, ఇక ఇందులో అక్షరం మారినా ఒప్పుకోనని చెప్పేశాడు. హెర్బేరియం లేకపోతే ప్రాక్టికల్ లేదు, ప్రాక్టికల్ లేకపోతే ఏడాది పోయినట్టే. మిగతా పిల్లలకు ఏడాది పోతే ఏడాదే పోతుంది, నాకైతే చదువే పోతుంది. వానలు లేని కాలంలో ఆడపిల్లను హాస్టల్లో పెట్టి చదివించడమేమిటని మా పెదనాయన ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు, ఒక్క సబ్జెక్టు తప్పినా పిలిపించుకుంటానని మా నాయన ఆయనకు మాటిచ్చాడు. మా నాయన మాటిస్తే తప్పడు. ఆ గుణానికి నేను బయట ఎంత గర్వపడేదాన్నో లోపల అంత భయపడేదాన్ని.

దసరా సెలవుల్లో నేనూ నాయనా మొక్కల వేటకు బయలుదేరాం. ఆ ఏడు వాన విత్తనం వేసే ముందు ఒకసారి పడి, తర్వాత ముఖం చాటేసింది. సెప్టెంబరు చివర్లో ఒక జల్లు కురిసిందిగానీ దాన్ని వాన అనడానికి ఎవరికీ నోరు రాలేదు. వయ్యారిభామ గడ్డి తప్ప పచ్చగా కనపడేదే లేదు. అయినా నాయన వంక గట్టు, బావి పక్క, గొర్రెలు పోని రాళ్ల సందులు అన్నీ తిప్పి, నాలుగు రోజుల్లో చీటీల్లో ఉన్న ముప్పై మొక్కలూ చూపించాడు. నేను పుస్తకంలో బొమ్మ చూసి కుటుంబం చెబితే, ఆయన ఆ మొక్కను గొర్రె తింటుందో లేదో, చేలోకి వస్తే పంటను ఏం చేస్తుందో చెప్పేవాడు. ముప్పై మొక్కలనూ పేపర్ల మధ్య పెట్టి కట్ట కట్టి, పైన రెండు శెనక్కాయ బస్తాలు వేయించాను. మొక్కలు నొక్కడానికి కాలేజీలో చెక్కల ప్రెస్సు ఉంది, మా ఇంట్లో బస్తాలున్నాయి. రోజూ పేపర్లు మార్చమని, చెమ్మ చేరితే బూజు పడుతుందని, పరీక్షకు ముందు రోజు తెచ్చిమ్మని నాయనకు ఒకటికి మూడుసార్లు చెప్పి, చీటీలు భద్రంగా హాస్టల్లోనే ఉన్నాయి కదా అన్న ధైర్యంతో బస్సెక్కాను.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం నాయన హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. కట్టను తువ్వాలులో చుట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. అన్నీ సరిచేశానని చెప్పి, నీళ్లు కూడా తాగకుండా రెండున్నర బస్సుకు వెళ్లిపోయాడు. నేనూ నా రూమ్మేటూ (పుట్టపర్తి పిల్ల కాబట్టి ఆమె పేరే పుట్టపర్తి అయిపోయింది) కట్ట విప్పి చూద్దుము కదా, మొక్కలన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. ఆకులు గులాబీ, కాడలు గులాబీ, వేళ్లు గులాబీ. పుట్టపర్తి ఒకదాన్ని ఎత్తి దులిపితే గాల్లో గులాబీ దుమ్ము లేచి ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి. ఆ వాసన తగలగానే నాకు అర్థమైంది. అది జూన్‌లో విత్తనానికి కలపగా మిగిలిన పురుగుమందు పొడి. శెనక్కాయ బస్తాల్లోంచి పురుగు నా మొక్కల్లోకి దిగినట్టుంది, అది చూసి మా నాయన విత్తనశుద్ధి చేసినట్టే నా హెర్బేరియానికీ శుద్ధి చేశాడు. దుమ్ము దులిపితే పోతుందిలే అని పెయింట్ బ్రష్షు తెచ్చి కూర్చున్నాం. పన్నెండో మొక్క దాకా అలాగే దులిపాం. పదమూడో పేపరు తీస్తే అందులో శెనక్కాయ చెట్టు ఉంది. పద్నాలుగో పేపర్లోనూ శెనక్కాయ చెట్టే. అలా వరసగా ఏడు. ఊడలతో, కాయలతో, నిండు గర్భిణుల్లాగా ఏడు చెట్లు.

నాయన అప్పటికి బస్సులో ఉన్నాడు. ఫోను చేశాను. నా గొంతు వినే ఏదో అయిందనుకున్నాడు.

"నాయనా, ఈ శెనక్కాయ చెట్లు ఏంది?"

"పురుగు పట్టినేటివి ఏడు ఉండె పాపా. విత్తనంలో పుచ్చు తీసేయమా, అట్ల తీసి పారేసినా. నీకు ముప్పై కావల్ల కదా, లెక్క తగ్గకూడదని మంచివి పెట్టినాలే."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఇవాళ నన్ను వెతకమన్నా దొరకదు. ఆ రోజు మాత్రం దొరికిన తప్పునల్లా పట్టుకుని అరిచేశాను. ఒక్కో మొక్కా ఒక్కో రకం ఉండాలని, నీకు చదువు సంగతి తెలియనప్పుడు చేయి పెట్టకూడదని, నా ఏడాది నీ చేతులారా పోయిందని ఏడుస్తూ అన్నాను. బస్సు హారను వినపడింది. తర్వాత, అన్నం తిను పాపా అని ఫోను పెట్టేశాడు.

ఇక ఊరికి వెళ్లి ఆ ఏడు రకాలూ తెచ్చి ఆరబెట్టే వ్యవధి లేదు. కాలేజీ ఆవరణలో వెతికితే క్రోటన్లు, కానుగ చెట్లు తప్ప నా చీటీల్లో ఉన్నది ఒక్కటీ లేదు. అప్పుడు పుట్టపర్తి తన పెద్ద బుర్ర వాడింది. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్లు మొదటి ఐదు అట్టలు, చివరి ఐదు అట్టలు తప్ప చూడరట. వాళ్ల అక్క చెప్పిందట. కాబట్టి శెనక్కాయ చెట్లను నడిమధ్యలో పెట్టి, పోయిన ఏడు మొక్కల చీటీలు వాటి కింద అతికిస్తే సరిపోతుంది. కాయలుంటే అట్ట బుడిపెలుగా లేచి ఫైలు మూసుకోవడం లేదు కాబట్టి కత్తెరతో కాయలన్నీ కోసేసి, బిస్కెట్ల డబ్బాలో పోశాం. ఆ విధంగా మా ఊరి శెనక్కాయ చెట్టు ఒక అట్ట మీద తుమ్మి అయింది, ఇంకో అట్ట మీద పల్లేరు అయింది, తర్వాత నేల ఉసిరి, కుప్పింట, వెంపలి, తుత్తురబెండ, గడ్డిచామంతి కూడా అయింది. చీటీలు మాత్రం ఎక్కడా వంకర లేవు. లేబుల్ సారు వచ్చి చూసి, పైన నాలుగు అట్టలు తిప్పి, చీటీల అమరిక చాలా బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు వచ్చిన ఎగ్జామినర్ మేడం కోస్తా వైపు మనిషి. సన్నగా, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంది, నవ్వు అనేది ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది. నా వంతు వచ్చింది. ఆమె ఫైలు తీసుకుంది. పెళ్లి ఆల్బమ్‌లో తన ఫోటో ఎక్కడుందో వెతికే మనిషిలా సరిగ్గా నడిమధ్యకు తెరిచింది. నేను పుట్టపర్తి వైపు చూశాను. పుట్టపర్తి మైక్రోస్కోపులో తల పెట్టేసింది. మేడం ఒక అట్ట తిప్పింది, ఇంకోటి తిప్పింది, ఏడూ తిప్పింది. తర్వాత తన వేళ్లకు అంటిన గులాబీ రంగు చూసుకుంది. పల్లేరు అని రాసిన అట్ట నా వైపు తిప్పి, ఇదేమిటమ్మా అని మెల్లగా అడిగింది. పక్కనే నిలబడ్డ లేబుల్ సారు ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. నేను రాత్రంతా వల్లించిన ఇంగ్లీషు జవాబులన్నీ ఒక్కసారిగా కట్టకట్టుకుని వెళ్లిపోయాయి. అబద్ధానికి కావలసినంత భాష కూడా నా దగ్గర మిగల్లేదు.

"అది శెనక్కాయ చెట్టు మేడం. ఏడూ అవే. మా నాయన పెట్టినాడు."

ఇక ఆగలేదు. బస్తాలు, పురుగు, మందు, పుచ్చు ఏరడం, లెక్క తగ్గకూడదనుకోవడం, పెదనాయనకు ఇచ్చిన మాట, అన్నీ మా ఊరి మాటల్లోనే చెప్పేశాను. మేడం అంతా విని, మరి కాయలేవి అని అడిగింది. హాస్టల్లో డబ్బాలో ఉన్నాయన్నాను. తిన్నారా అంది. మందు తగిలుండాది మేడం, తినలే అన్నాను. అప్పుడు నవ్వింది. ఇంట్లో పెట్టి రాలేదు, చీరకొంగు చాటున తెచ్చుకుందన్నమాట. (ఆ నవ్వు చూసి మొదట ఊపిరి పీల్చుకున్నది నేను కాదు, లేబుల్ సారు.) పారేయకండి, మందు కలిపిన కాయలు విత్తనానికి పనికొస్తాయి అంది.

నవ్వింది గానీ వదిలిపెట్టలేదు. నాయన పారేసిన ఏడు మొక్కలూ ఏవో చెప్పమంది. చీటీల మీద చేయి పెట్టి మూసి, ఒక్కో మొక్క ఆకు ఎలా ఉంటుంది, పువ్వు ఎలా ఉంటుంది, ఎక్కడ పెరిగింది అని అడిగింది. మొక్కలు ఎదురుగా ఉండుంటే బహుశా తడబడేదాన్నేమో. అవి లేవు కాబట్టి కళ్లు మూసుకుంటే వంక గట్టు కనపడింది, నాయన వంగి చూపించిన చోటు కనపడింది. తుమ్మి పువ్వు ఎన్ని వరసలుగా పూస్తుందో, పల్లేరు కాయ నా చెప్పులోంచి ఎలా దిగిందో, నేల ఉసిరికి కాయలు ఆకుల కింద ఎలా దాక్కుంటాయో చెప్పుకుంటూ పోయాను. కుటుంబాల పేర్లు వాటంతటవే వచ్చాయి. ఏడోది అయ్యాక మేడం కలం తీసి మార్కులు వేసింది. ఎన్ని వేసిందో తలకిందులుగా చదవడం నాకు వచ్చు. పాసు కంటే చాలా ఎక్కువే వేసింది. అలమరలో ఉన్న పాత హెర్బేరియాలన్నీ పురుగులు తినేశాయని, ఈ ఫైలు మాత్రం ఎవరూ తినలేరని, దీన్ని డిపార్టుమెంటులోనే ఉంచుకోమని లేబుల్ సారుకు చెప్పి చేతులు కడుక్కోవడానికి లేచింది. లేస్తూ ఒక మాట అడిగింది. అనంతపురం వచ్చేదాకా రైల్లోంచి చూశానమ్మా, చేలన్నీ ఎండి పడున్నాయి, మరి మీ నాయనగారికి ఇంత కాపున్న చెట్లు ఎక్కడ దొరికాయి అంది.

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అప్పటిదాకా ఆ చెట్లను నా ఏడాది మింగడానికి వచ్చినవిగా చూశానే తప్ప, అవి ఏ చేలోంచి వచ్చాయో ఆలోచించలేదు. దసరాకు నేను చూసిన మా చేలో ఒక్కో చెట్టుకు రెండు మూడు కాయలు, అవీ లొట్టవి. డబ్బాలో మేం కోసిపోసినవి ఒక్కో చెట్టుకు ఇరవైకి తక్కువ లేవు. ల్యాబు బయటికి వచ్చాక పుట్టపర్తి నన్ను పట్టుకుని గంతులేస్తోంది. నేను గంతులేస్తూనే ఏడ్చాను. పాసయినందుకే అనుకుంది పాపం.

ఆ వారం ఇంటికి వెళ్లి, యాడ దొరికినాయి నాయనా ఆ చెట్లు అని అడిగాను. నాలుగెకరాలూ సాలు సాలు తిరిగానని, బావి నీళ్లు చేలోకి మళ్లే మడవ దగ్గర మూడు, గట్టు నీడన నాలుగు దొరికాయని, ఒక పూట పట్టిందని చెప్పాడు. ఆ ఏడాది మా చేను మొత్తానికి మంచి చెట్లు అవే. విత్తనానికి దాచుకోవలసినవి. వాటిని పీకి పేపర్లో పెట్టి, తువ్వాలులో చుట్టి నాకు తెచ్చిచ్చాడు. ఇంతా చెప్పి ఆయన అడిగింది ఒక్కటే.

"మేడం ఏమనె పాపా?"

"శెనక్కాయ చెట్లు శానా బాగుండాయనె."

ఆ సంగతి తనకు ముందే తెలుసన్నట్టు తల ఊపి, గొర్రెలకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను హైస్కూల్లో బయాలజీ టీచర్ని. పిల్లలు తెచ్చే ప్రాజెక్టుల్లో వాళ్ల అమ్మానాన్నల చేయి ఎక్కడ పడిందో చూడగానే చెప్పేస్తాను, చూడనట్టు మార్కులు వేసేస్తాను. మా నాయన మాత్రం ఈనాటికీ, మా పాప డిగ్రీ గట్టెక్కింది ఆ ఏడు శెనక్కాయ చెట్ల వల్లనే అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. పక్కనే కూర్చుని వింటాను. ఊళ్లో అందరి తప్పులూ దిద్దే మనిషినే, ఇది మాత్రం దిద్దను, అందులో దిద్దాల్సిందేమీ నాకు కనపడదు. ఆ రోజు ఫోనులో అన్న మాటలకు ఆయన్ని క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే ఏమంటాడో తెలుసు. నువ్వెప్పుడు అరిచినావు పాపా, బస్సులో నాకేం ఇనపడలేదే అంటాడు.