మేస్త్రీ చేతిపై మేము వేసిన నింద

పోయిన శనివారం ఉదయం నడకకు వెళ్ళి వస్తూ, అల్ఫారెట్టాలోని మా వీధి మలుపున ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట పరచిన సామాను ముందు ఆగాను. పింగాణీ పళ్ళేలకూ పిల్లల సైకిలుకూ నడుమ, నీలి మఖమలు పరచిన చిన్న చెక్కపెట్టెలో ఒక మైక్రోమీటర్ ఉన్నది. వెంట్రుక మందాన్ని సైతం కొలవగల ఆ పనిముట్టును అలవాటు చొప్పున చేతిలోకి తీసుకొని మర త్రిప్పాను. వ్యాకరణమూ తర్కమూ బోధించుకొని బ్రతికినవానికి దీనితో అలవాటేమిటని మీరడుగవచ్చును. ఆ ఇంటి ఇల్లాలు కూడ అడిగింది, మీరు మెషినిస్టా అని. కానని చెప్పి, పెట్టె మూసి, ఎక్కడిది అక్కడనే ఉంచి ఇంటికి వచ్చాను. అక్క ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

భార్య గతించిన తరువాత నేను మా అక్క పంచకు చేరాను. బావగారు ఈ అమెరికా దేశంలో నలభై ఏళ్ళు ఎముకల వైద్యం చేసి విరమించినవారు. ఆయనకు ప్రాణసమానమైన వస్తువు ఒక రైఫిల్. ప్రాణసమానుడైన మిత్రుడు దానిని ఆయన భుజానికీ చేతికీ తగినట్లు ప్రత్యేకంగా చేసి ఇచ్చిన ఒక వృద్ధుడు. ఉత్తరాన గంట దూరంలో, కొండల మొదట, ఇంటి వెనుక షెడ్డులో ఇనుము తొలిచే లేత్ యంత్రం పెట్టుకొని ఒంటరిగా ఉండేవాడు. బావగారు ఆయనను మాతో ‘మేస్త్రీ’ అనేవారు. ఒకప్పుడు విరిగిన ఆయన కుడి మణికట్టును అతికించినది బావగారే. ఆ చేతితో ఆయన చేసిన చివరి రైఫిల్ ఇదే. బావగారు ఎక్కువగా కాగితపు గురులనే కొట్టేవారు. ఎప్పుడైనా జింకను కొడితే ఆ మాంసం మేస్త్రీ ఇంటికి పోవలసినదే, మా గడప దాటరాదని అక్క శాసనం. ఆ శాసనం వలన మేస్త్రీకి ప్రతి శీతకాలమూ సుభిక్షంగా గడిచేది.

తూటాలు కొనడం బావగారికి నామోషీ. గరాజ్‌లో ఒక మూల బల్ల వేసుకొని, పేలిన ఇత్తడి గొట్టాలను శుభ్రం చేసి, అచ్చులో నొక్కి తిరిగి కొలతకు తెచ్చి, గింజగింజగా తుపాకిమందు తూచి తానే నింపుకొనేవారు. కొలతలు నోటుబుక్కులో వ్రాయడమూ, పూర్తయిన తూటాలను తుడిచి డబ్బాలో పేర్చడమూ నా వంతు. ఒక ఏడు దసరాకు అక్క తన మిక్సీనీ కారు తాళాలనూ రైఫిల్‌నూ ఒక్క వరుసలో పెట్టి ఆయుధపూజ చేయించింది. మంత్రాలు చెప్పినవాణ్ణి నేనే. నువ్వుల నూనెలో మెత్తని పాత పంచె ముక్క ముంచి ఆయుధానికీ తూటాలకూ అలదినవాణ్ణి కూడ నేనే. ఇత్తడి బంగారమై మెరిసింది. ముచ్చటపడి, ఆ గుడ్డతోనే ప్రతి తూటానూ తుడవడం నాటినుండి అలవాటు చేసుకొన్నాను. ఈ సంగతి ఇక్కడనే చెప్పివేస్తున్నాను. చెప్పవలసిన నాడు చెప్పలేదు గనుక.

ఆ వారమే రైఫిల్ మొరాయించింది. తూటా వెనుక గడియలా బిగిసి, పేల్చిన తరువాత రెండు వ్రేళ్ళతో పైకి లేవవలసిన బోల్టు పిడి, అరచేతితో గ్రుద్దితే గాని లేవలేదు. “ఏమోయ్ పండితుడా, మందు ఎక్కువైనట్టుంది, నోట్ చెయ్” అన్నారు బావగారు. మందు తగ్గించాము. కొంత సడలింది గాని పూర్తిగా పోలేదు. ఇత్తడి పాతబడిందనుకొని క్రొత్త గొట్టాలు తెప్పించాము. అచ్చు మార్చాము. పేలిన ప్రతి గొట్టం అడుగునూ మైక్రోమీటర్‌తో కొలిచి వ్రాశాను. చివరకు బావగారు పంతం విడిచి అంగడి తూటాలు కూడ తెచ్చారు. వాటికీ నేను పక్షపాతం లేకుండ అదే గుడ్డతో సేవ చేశాను. బోల్టు బిగుసుకొంటూనే ఉన్నది. నా పుస్తకంలో పన్నెండు కారణాలు ముత్యాల వంటి అక్షరాలలో వరుసగా ఉన్నవి. పుస్తకం వ్రాస్తున్న చేయి మాత్రం అందులో లేదు. కారణాన్ని వెదకేవాడే కారణం కావచ్చునని ముప్ఫై ఏళ్ళ బోధనలో నేను ఒక్క విద్యార్థికీ చెప్పి ఉండలేదు.

రైఫిల్‌ను మేస్త్రీ వద్దకు తీసుకుపోయాము. ఆయన తూటా కూర్చుండే అరను తుడిచి, తన తూటాలు పెట్టి పెరటిలో పేల్చాడు. బోల్టు వెన్నలా లేచింది. ఇంటికి తెస్తే మళ్ళీ అదే తంతు. రెండవసారి ఆ అరను నునుపు చేసి ఇచ్చాడు. ఫలితం లేదు. తిరుగు ప్రయాణంలో బావగారికి కోపం వచ్చింది. “అక్కడ లేస్తుంది, ఇక్కడ లేవదు. వాడేదో దాస్తున్నాడు. నీ శాస్త్రం ఏమంటుందోయ్?” అన్నారు. కానివాటినన్నిటినీ త్రోసివేయగా మిగిలినదే కారణమని మా శాస్త్రం చెబుతుంది. మిగిలినది ఒక్కటే, ఆ అరను తొలిచిన చేయి. ఆ మాట అన్నాను. అనడంలో కొంత సంతోషం కూడ ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

మూడవసారి వెళ్ళినప్పుడు ఆ పన్నెండు కారణాలనూ, వాటి ఖండనలనూ, చివరి నిర్ణయాన్నీ తరగతి గది గొంతుతో ఇంగ్లీషులో చదివి వినిపించాను. మేస్త్రీ అంతా విని బావగారి వైపు తిరిగాడు. “డాక్, ఈ మణికట్టు అతికించింది నువ్వు. నీకే తెలియాలి. ఇది పోయిందంటావా?” అని అడిగాడు. బావగారు నేల చూపులు చూస్తూ, వయసు మీద పడింది కదా, అయి ఉండవచ్చునన్నారు. ఆయన సరేనని తల ఊపి, రైఫిల్‌ను గుడ్డలో చుట్టి మా చేతికిచ్చాడు. శీతకాలం ముగిసేలోగా లేత్ అమ్మివేశాడని ఎవరో చెప్పగా విన్నాము.

వసంతంలో నేను శాంటా క్లారాలోని నా కుమార్తె వద్ద నెల రోజులు ఉన్నాను. ఆ నెలలో బావగారు రైఫిల్‌ను నిలువెల్లా శుభ్రం చేసి, తామే తూటాలు నింపి పేల్చితే బోల్టు రెండు వ్రేళ్ళకు లేచిందట. కారణం తెలియకనే ఫోనులో పసివానివలె సంబరపడ్డారు. నేను తిరిగి వచ్చి, ఎండిపోయిన నా గుడ్డను మళ్ళీ నూనెలో ముంచి బల్ల వద్ద కూర్చున్నాను. ఆయన ముక్కు ఎగబీల్చి అదేమిటని అడిగారు. నువ్వుల నూనె అన్నాను. “ఎన్నాళ్ళ నుంచి?” “దసరా నుంచి.” ఆయన గుడ్డను నా చేతినుండి తీసుకొని స్టూలు మీద కూర్చున్నారు. కోపం లేకుండ, రోగికి చెప్పినట్లు చెప్పారు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి అర గోడలను పట్టుకొని నిలవాలట. నూనె ఉంటే ఆ పట్టు జారి, తాకిడి అంతా వెనుకనున్న బోల్టు మీద పడి అది బిగుసుకొంటుందట. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న అక్క, “మీ ఇద్దరి చదువులూ తగలెయ్య. ఆ పెద్దాయనకి చెప్పి రండి, ముందు కారు తియ్యండి” అన్నది.

మేస్త్రీ అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. షెడ్డు తలుపు తీసి ఉన్నది. లేత్ ఉండిన చోట సిమెంటు నేలలో నాలుగు రంధ్రాలు, వాటి నిండా ధూళి. నేను దాచకుండ అంతా చెప్పి, సాక్ష్యానికి ఆ గుడ్డను కూడ చేతికిచ్చాను. ఆయన వాసన చూసి మెల్లగా నవ్వాడు. “ప్రొఫెసర్, మంచి మనసు నీది. నా కోసం ఇంత కథ అల్లుకుని వచ్చావు” అన్నాడు. బావగారు రైఫిల్ తెచ్చి పెరటిలో అయిదు తూటాలు పేల్చి, ప్రతిసారీ పిడిని ఆయన చేతనే ఎత్తించారు. అయిదుసార్లూ తేలికగా లేచింది. “ఇక్కడ అప్పుడు కూడా లేచింది, డాక్. అప్పుడు మీరిద్దరూ నమ్మలేదు” అన్నాడు ఆయన. నిష్ఠురమేమీ లేదు ఆ గొంతులో. మా వద్ద ఉన్న ఒకే ఒక్క ఋజువును ఆనాడే మేము కొట్టివేశామని నాకప్పుడు తెలిసింది.

ఆయన కుడిచేతిని వెలుగుకు అడ్డంగా చాపాడు. వ్రేళ్ళు సన్నగా వణుకుతున్నవి. ఆ పుస్తకం చదివి మేము వెళ్ళిన సాయంత్రం మొదటిసారిగా ఇలా చాపి చూసుకొన్నాడట. అంతకు ముందు వణికేదో లేదో ఎన్నడూ చూసుకోలేదట. ఆ తరువాత చూసుకోవడం మానలేదట. బావగారు ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకొని, ఎముక వెంబడి బొటనవ్రేలు నడిపి, “ఎముక బాగుంది. చక్కగా అతుక్కుంది” అన్నారు. తెలుసునన్నాడు మేస్త్రీ. చేయి మాత్రం వెనుకకు తీసుకోలేదు. నేను వేరే వైపు చూస్తూ ఉండిపోయాను.

నా నోట వెలువడిన అబద్ధం ఆయన చేతిలో నిజం కావడానికి ఒక్క శీతకాలం సరిపోయింది. దానిని తిరిగి అబద్ధం చేయడానికి మా ముగ్గురికీ మిగిలిన కాలం చాలదు.