గుండీల డబ్బాలో రెండు సీసపు వరుసలు

ఇనెజ్ స్ప్రేగ్ ఊరికి వస్తోందని విన్న రోజు నుంచి లెటీ బీల్‌కు ముద్ద దిగడం లేదు. కార్వర్స్ కోవ్‌లో అందరికీ సంబరమే. దేశమంతా మెచ్చిన కవయిత్రి, మన చేపల రేవు పిల్ల, ముప్ఫై ఏళ్ళకు వచ్చి లైబ్రరీలో తన పద్యాలు చదువుతుందట! లెటీకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

లెటీ చెడ్డమనిషేమీ కాదు. ఊరి వారపత్రికలో అచ్చు మిషను ముందు నలభై ఏళ్ళు కూర్చుంది. మీటలు నొక్కితే కరిగిన సీసం ఒక్కో అక్షరాల వరుసగా పోతపడేది. అచ్చయ్యాక శుక్రవారం అన్ని వరుసలూ మళ్ళీ సీసం కరిగించే కుండలోకే. పెళ్ళివార్తయినా చావువార్తయినా కరగాల్సిందే.

1938లో, సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగిరాని తన అన్న అమోస్ మీద ఇనెజ్ ఒక పద్యం రాసి బోస్టన్ నుంచి పత్రికకు పంపింది. అన్న పేరు ఆఖరి రెండు వరుసల్లో ఉంది. ఆ వారం చోటు చాలలేదు. కింద ఆటుపోట్ల పట్టిక పడకపోతే పడవలు ఏ వేళకు కదలాలో ఊరికి తెలియదు. చోటు చాలకపోతే అడుగునుంచి కొయ్యడమే పత్రిక పద్ధతి. లెటీ కోసేసింది. కానీ మునిగిపోయిన కుర్రాడి పేరును కుండలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. జేబులో వేసుకెళ్ళి గుండీల డబ్బాలో దాచింది.

నోరు విప్పి ఉంటే అప్పుడే పోయేది! "సొంత చెల్లెలికే వాడి పేరు చెప్పడం సిగ్గయిందే!" అని ఇనెజ్ తల్లి హల్డా తను పనిచేసే చేపల ఫ్యాక్టరీలో అందరి ముందూ గుండెలు బాదుకుంది. చేపలు కొనడానికి వెళ్ళి పక్కనే ఉన్న లెటీ కుక్కిన పేనులా ఊరుకుంది. మొదట, పత్రిక సీసం ఇంటికి తెచ్చినందుకు ఉద్యోగం పోతుందని భయం. తర్వాత ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారని భయం.

ఇనెజ్ చదవడం అయ్యాక, ఆమెను పలకరించేవాళ్ళ వరుసలో లెటీ అందరికన్నా వెనక నిలబడింది. అడుగు ముందుకేసినప్పుడల్లా చంకలోని డబ్బాలో గుండీలు గలగలమన్నాయి.

"ఏంటి లెటీ, దుకాణం పెట్టావా?" అని ఎవరో నవ్వారు.

"ఇనెజ్, ఇవి కోసింది నేనేనమ్మా" అంటూ డబ్బా తెరిచింది.

ఇనెజ్ సీసం మీద వేలు జరిపింది. "ఈ రెండు వరుసలూ తర్వాత నా పుస్తకంలో వేశాను లెటీ. 'నీకు గొప్ప వచ్చాక వాడి పేరు అతికించావు' అని అమ్మ ఒక్క కార్డుముక్క రాసింది. అంతకు ముందు గానీ తర్వాత గానీ జవాబే లేదు."

"తిట్టు తల్లీ, నాలుగు తిట్టు."

"తిట్లు తర్వాత. పద, అమ్మకు చెబుదువుగాని."

"హల్డా అత్తకా? అమ్మో, నన్ను బతకనివ్వదు!"

"నా మాట ఎలాగూ నమ్మదు. నువ్వు చెప్తే నమ్ముతుంది."

హల్డా ఇంటికెళ్ళే కొండదారంతా లెటీ డబ్బా పట్టుకుని ఇనెజ్ వెనకే నడిచింది. ఎనభై ఎనిమిదేళ్ళ హల్డా వంటింట్లో చిక్కుళ్ళు ఏరుతోంది. కూతుర్ని చూసి తల తిప్పుకుంది. లెటీ ఉన్నదున్నట్టు చెప్పేసి, గోడకున్న అద్దం తీసి సీసం ముందు పట్టింది. తిరగబడిన అక్షరాలు అద్దంలో సరయ్యాయి. ముసలామె పెదాలు కదిపి కొడుకు పేరు చదువుకుంది. రెండోసారి చదివింది.

"నిన్ను నేను ఏం చెయ్యాలే లెటీ?" అంది.

"ఏం చేసినా పడతాను అత్తా. భయమేసింది."

హల్డా కూతురి వైపు తిరిగింది. "నెలనెలా కవరు పంపేదానివి. లావుగా ఉండేది. లోపల ఏముండేదే?"

"పద్యాలమ్మా. ఊరు వదిలాక మొదటి పదేళ్ళవి. నకలుంచుకోలేదు, అమ్మ దగ్గరున్నాయి కదా అనుకున్నాను."

హల్డా పొయ్యివైపు చూసింది. "ఒక్కటీ విప్పలేదే. వచ్చింది వచ్చినట్టే అందులో వేశాను" అంది.

ఇనెజ్ తల్లి పక్కన కూలబడింది. లెటీ తిట్ల కోసం ఎదురుచూస్తూ అద్దం పట్టుకునే నిలబడింది. ఒక్క తిట్టూ రాలేదు.